ఇంటి సర్వరు – దూరపు శ్రోత

శాస్త్ర విజ్ఞానం దూరాన్ని జయించినదని పెద్దలు చెప్పగా వినుచున్నాము. ఆ మాట యథార్థమే. అయితే దూరాన్ని జయించిన ప్రతి సాధనంతో పాటు, దానిని నమ్మకంగా వాడుకొను పద్ధతిని కూడ మానవుడు కనిపెట్టుకొనవలసి వచ్చినది. ఉత్తరానికి లక్క ముద్ర, తంతికి సంకేత భాష ఆ విధంగా ఏర్పడినవే. నేడు ఇంటిలోని పాటను, మాటను, చిత్రాన్ని ఇంటర్నెట్ ద్వారా వేల మైళ్ళ దూరాన ఉన్నవారికి వినిపించు శక్తి సామాన్య గృహస్థునికి కూడ లభించినది. ఆ శక్తిని సురక్షితంగా వినియోగించుకొనుట ఎట్లో మాకు తెలిసినంత మేరకు వివరించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విషయం పట్ల మాకు ఆసక్తి కలుగుటకు కారణం మా ఇంటి అటక మీది ఒక రేకు పెట్టె. మా నాన్నగారి అన్నగారిని మేము బడే అబ్బా అని పిలుచుచుంటిమి. వారు 1980 దశకంలో షార్జాలో ఉద్యోగం చేసిరి. ఆ రోజులలో మన ప్రాంతం నుండి గల్ఫ్ దేశాలకు వెళ్ళిన అనేక కుటుంబాల వలెనే మా దాదాజాన్ గారు కూడ ఉత్తరాలకు బదులుగా మాటలను క్యాసెట్టులో నింపి పంపెడివారు. పోస్టులో వేయుటకు మనసొప్పక, సెలవుపై వచ్చి తిరిగి వెళ్ళుచున్న ఊరివారి చేతికిచ్చి పంపెడివారు. ఒక క్యాసెట్టులో వేమన పద్యాలు, మరొక దానిలో మీర్ గజళ్ళు. వాటి నడుమ ఆడపిల్ల పెళ్ళి మాటలు, తీర్చవలసిన అప్పుల లెక్కలు, ప్రక్క గదిలో దాదీ గారి దగ్గు. బడే అబ్బా స్వదేశం వచ్చునప్పుడు నలువది క్యాసెట్లను భద్రంగా వెంట తెచ్చిరి. వారి కుమార్తె, మా ఆపా, వివాహమైన పిమ్మట నేడు అదే షార్జాలో నివసించుచున్నది. తన పిల్లలకు ముత్తాతగారి గొంతు వినిపించవలెనని ఆమె కోరిక. ఆ కోరికను తీర్చబూని మేము చేసిన పొరపాటు, నేర్చుకొన్న పాఠం ఈ వ్యాసానికి ఆధారం.

సర్వరు అనగానేమి?

సర్వరు అను మాట విని పెద్ద యంత్రశాలలను ఊహించుకొనవలసిన పని లేదు. అడిగిన వారికి అడిగిన దానిని అందించు కంప్యూటరే సర్వరు. ఇంటిలో మూలపడిన పాత కంప్యూటరు గాని, అరచేతిలో ఇమిడిపోవు రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటరు గాని ఈ పనికి చాలును. పాత కంప్యూటరు 50 వాట్ల విద్యుత్తును వాడుకొనుచున్నదని అనుకొందము. రేయింబవళ్ళు నడచినచో నెలకు 36 యూనిట్లగును. 5 వాట్ల చిన్న కంప్యూటరు అయినచో నెలకు నాలుగు యూనిట్లు కూడ కాదు. కావున ఎన్నుకొనునప్పుడు వెలను మాత్రమే గాక ఈ లెక్కను కూడ చూచుకొనవలెను.

దానిపై నడచుటకు తగిన సాఫ్ట్‌వేర్ ఉచితంగానే లభించుచున్నది. మేము వాడినది జెల్లీఫిన్. ఎంబీ అను పూర్వపు సాఫ్ట్‌వేర్ తన మూల రచనను బయటకు చూపుట మానివేసినప్పుడు, 2018 డిసెంబరులో స్వచ్ఛంద కార్యకర్తలు పాత మూలం నుండి దీనిని వేరుచేసి పెంచుచు వచ్చిరి. ఇది పాటలను, చిత్రాలను వరుసగా అమర్చి, ఫోను మీద గాని టెలివిజను మీద గాని చూపును.

ఒక ఫైలును పూర్తిగా దింపుకొని ఆ తరువాత వినుట ఒక పద్ధతి. వచ్చినంత మేరకు వినుచు, తక్కినది వచ్చుచుండగా కొనసాగించుట రెండవ పద్ధతి. దీనినే స్ట్రీమింగ్ అందురు. మన ఇండ్లపై నున్న నీళ్ళ తొట్టిని తలచుకొన్నచో ఇది సులభంగా బోధపడును. మునిసిపాలిటీ నీరు ఒకప్పుడు ధారగా, మరొకప్పుడు సన్నగా వచ్చును. అయినను తొట్టిలో కొంత నీరు నిలువ ఉన్నంతవరకు ఇంటి కొళాయి ఒకే తీరున పారుచుండును. అట్లే శ్రోత ఫోనులో కొన్ని సెకండ్ల పాటు సరిపోవు శబ్దం ముందుగా నిలువ చేరును. దారిలో ఒడిదుడుకులు కలిగినను వినుటకు అంతరాయం కలుగదు.

శబ్దం ఎంత స్థలం ఆక్రమించునో కూడ చూతము. సెకండుకు 128 కిలోబిట్ల నాణ్యతతో తొంబది నిమిషాల క్యాసెట్టు సుమారు 86 మెగాబైట్లగును. కావున శబ్దానికి గొప్ప వేగం అవసరం లేదు. స్పష్టమైన చలనచిత్రానికి సెకండుకు 5 నుండి 8 మెగాబిట్లు కావలెను. ఇక్కడ విద్యార్థులు ఒక విషయాన్ని గుర్తించవలెను. మనము సాధారణంగా ఇంటిలోనికి వచ్చు వేగాన్ని మాత్రమే గమనించుచుందుము. ఇంటి సర్వరుకు కావలసినది ఇంటి నుండి బయటకు పోవు వేగం. కొన్ని కనెక్షన్లలో ఈ రెండును సమానం కావు.

చిరునామా సమస్య

ఇంటర్నెట్‌లో ఒక యంత్రాన్ని చేరవలెనన్న దానికొక చిరునామా ఉండవలెను. పాత పద్ధతి ప్రకారం ఈ చిరునామా 32 బిట్ల సంఖ్య. అందుచేత మొత్తం చిరునామాలు సుమారు 429 కోట్లు మాత్రమే. ప్రపంచ నిధిలోని చివరి భాగాలు 2011 ఫిబ్రవరిలో పంచివేయబడినవి. ఈ కొరతను తట్టుకొనుటకై అనేక ఇంటర్నెట్ సంస్థలు వందలాది ఇండ్లకు కలిపి ఒకే బహిరంగ చిరునామాను వాడుచున్నవి. పెద్ద భవనానికి ఒకే పోస్టు డబ్బా ఉన్నట్లు ఊహించుకొనవచ్చును. ఇంటివారు వ్రాసిన ఉత్తరానికి జవాబు వచ్చును. కాని బయటివారు తమంతట తాము ఒక ఇంటికి ఉత్తరం వ్రాయదలచినచో ఇంటి నంబరు ఉండదు. రౌటరులో కనిపించు బయటి చిరునామా 100.64 మొదలు 100.127 వరకు గల అంకెలతో ఆరంభమైనచో మన ఇల్లు ఇట్టి ఏర్పాటులో ఉన్నదని తెలిసికొనవచ్చును. ఆ అంకెలు 2012లో ఈ పనికై ప్రత్యేకింపబడినవి.

దీనికి మూడు పరిష్కారాలు కలవు. సంస్థకు అదనపు రుసుము చెల్లించి స్థిరమైన బహిరంగ చిరునామాను పొందుట మొదటిది. 128 బిట్ల పొడవుగల కొత్త తరహా చిరునామాలను వాడుట రెండవది; వీటికి కొరత లేదు, కాని దూరపు శ్రోత కనెక్షను కూడ వాటిని ఎరిగి ఉండవలెను. ఉభయులకు నడుమ మూడవ యంత్రం నొకదానిని మధ్యవర్తిగా నిలుపుట మూడవది. మేము మొదటి మార్గాన్ని అనుసరించితిమి.

తెరచిన ద్వారం

వేసవి సెలవులలో నలువది క్యాసెట్లను కంప్యూటరులోనికి ఎక్కించితిమి. స్థిర చిరునామా వచ్చిన నాటి సాయంకాలమే రౌటరులో ఒక ద్వారం తెరచి, దానిని తిన్నగా జెల్లీఫిన్‌కు కలిపితిమి. సాంకేతిక భాషలో దీనిని పోర్టు తెరచుట అందురు. పాస్‌వర్డు మా ఇంటి పేరు, దాని ప్రక్కన మూడంకెలు. ఆపా ఆ రాత్రియే దాదాజాన్ గొంతు విని కంట తడి పెట్టినది. మేమును సంతోషించితిమి.

మరునాటి ఉదయం సర్వరు చిట్టాను తెరచి చూడగా మా సంతోషం సగమైనది. మేమెరుగని చిరునామాల నుండి ఆడ్మిన్, రూట్, టెస్ట్ అను పేర్లతో లోనికి వచ్చుటకు చేసిన ప్రయత్నాలు వరుసగా నమోదై ఉన్నవి. ఎవరును లోనికి రాలేదు. అయినను మా చేతులు చల్లబడినవి. ఆ క్యాసెట్లలో మేనత్తగారి పెళ్ళి ఒకటి కుదిరి తప్పిపోయిన వృత్తాంతం ఉన్నది. ఎవరికి ఎంత బాకీయో పేర్లతో సహా ఉన్నది. దాదాజాన్ ఆ మాటలను తన కుమారునికి చెప్పుకొనిరే గాని లోకానికి చెప్పలేదు. మా నాన్నగారు చిట్టాను చూచి ఒక్క మాట మాత్రం అనిరి: "అబ్బాజాన్ క్యాసెట్టును ఎవరి చేతికి పడితే వారి చేతికి ఇచ్చెడివారు కారు." మేము వెంటనే రౌటరును ఆపివేసితిమి.

మా చిన్న ఇంటిని వెదకికొని వచ్చునది ఎవరని పాఠకులు అడుగవచ్చును. వెదకుచున్నవి మనుషులు కారు, యంత్రాలు. 2013లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జెడ్‌మ్యాప్ అను సాధనాన్ని రూపొందించి, ఒక్క కంప్యూటరుతో, వేగవంతమైన కనెక్షనుపై, పాత తరహా చిరునామాల నన్నిటిని 45 నిమిషాల లోపు తట్టి చూడవచ్చునని నిరూపించిరి. వారి ఉద్దేశం పరిశోధన. అందరి ఉద్దేశం అట్టిది కాదు. ఇంటర్నెట్‌లో మారుమూల వీధి యనునది లేదు. ప్రతి ఇల్లును రాజమార్గం మీదనే ఉన్నది.

అట్టి తలుపు తట్టుట ఎంత దూరం పోగలదో మూడు ఉదాహరణలు చెప్పవచ్చును. 2016లో మిరాయి అను దుష్ట సాఫ్ట్‌వేర్, కర్మాగారంలో పెట్టిన పాస్‌వర్డును మార్చని కెమెరాలను, రికార్డర్లను లక్షల సంఖ్యలో లోబరచుకొన్నది. దానికి కావలసివచ్చినవి అరువది చిల్లర పాస్‌వర్డులు మాత్రమే. ఆ యేడు అక్టోబరు 21న ఆ పరికరాల దండు డిన్ అను సంస్థపై దాడి చేయగా, ట్విట్టర్ వంటి పెద్ద సర్వీసులు కూడ అమెరికాలో కొన్ని గంటలు అందుబాటులో లేకపోయినవి. 2021 ఏప్రిల్‌లో క్యూలాకర్ అనునది, ఇండ్లలోను చిన్న కార్యాలయాలలోను ఫైళ్ళ నిలువకై వాడు క్యూనాప్ పెట్టెలలోనికి చొరబడి, కుటుంబ ఛాయాచిత్రాలతో సహా ఫైళ్ళకు పాస్‌వర్డు తగిలించి, విడుదలకు 0.01 బిట్‌కాయిన్ అడిగినది.

మూడవది మన విషయానికి మరింత దగ్గరది. లాస్ట్‌పాస్ అను సంస్థ ప్రజల పాస్‌వర్డులను భద్రపరచునట్టిది. 2022లో దొంగలు ఆ సంస్థలోని ఇంజనీరు ఒకరి ఇంటి కంప్యూటరులోనికి ప్రవేశించిరి. వారికి దారి ఇచ్చినది ప్లెక్స్ అను మీడియా సాఫ్ట్‌వేర్‌లోని ఒక లోపం. దానికి సవరణ 2020 మే నెలలోనే విడుదలయినది; ఆ ఇంట మాత్రం దానిని వేసికొనలేదు. అప్పటి నుండి సుమారు 75 కొత్త వెర్షన్లు వచ్చినవని 2023లో ప్లెక్స్ సంస్థ తెలిపినది. దొంగలు ఆ కంప్యూటరులో మీటల నొక్కుళ్ళను గమనించు సాధనాన్ని అమర్చి, ఇంజనీరు పాస్‌వర్డును గ్రహించి, చివరకు ఖాతాదారుల ఫైళ్ళ నకళ్ళను తస్కరించిరి. వినోదానికై పెట్టుకొన్న పెట్టె కదా అని అశ్రద్ధ చేసిన ఫలితం ఎక్కడికి దారితీసినదో గమనింపుడు.

తాళం, తాళంచెవి

మాటను పరులకు తెలియకుండ పంపు విద్య ప్రాచీనమైనది. దానిని ఛేదించు విద్యకు శాస్త్ర రూపమిచ్చిన వారిలో ప్రథముడు 9వ శతాబ్దంలో బాగ్దాదు నగరంలో నివసించిన అల్-కిందీ. ఏ భాషలోనైనను కొన్ని అక్షరాలు ఎక్కువగాను, కొన్ని తక్కువగాను వచ్చును. రహస్య లిపిలో ఎక్కువసార్లు వచ్చిన గుర్తును భాషలో ఎక్కువసార్లు వచ్చు అక్షరంతో పోల్చి చూచినచో రహస్యం విడిపోవునని ఆయన వివరించెను. అక్షరాలను తారుమారు చేసినంత మాత్రాన రహస్యం నిలువదని ఆనాడే తేలిపోయినది.

ఆ తరువాత కూడ శతాబ్దాల పాటు ఒక చిక్కు మిగిలియే ఉన్నది. రహస్యంగా వ్రాసికొనుటకు ఉభయుల వద్ద ఒకే తాళంచెవి ఉండవలెను. ఆ తాళంచెవినే దూరానికి పంపుట ఎట్లు? 1976లో డిఫీ, హెల్మన్ అను ఇరువురు అమెరికా శాస్త్రజ్ఞులు దీనికి మార్గం చూపిరి. దీని నుండి పెరిగిన పద్ధతిని తాళం కప్పతో పోల్చి చెప్పవచ్చును. మనము తెరచి ఉన్న తాళం కప్పలను ఎందరికైనను పంచవచ్చును. ఎవరైనను పెట్టెలో వస్తువు నుంచి, కప్పను నొక్కి మూయగలరు. తెరచుటకు మాత్రం మన వద్దనున్న తాళంచెవి కావలెను. కప్ప బహిరంగం, తాళంచెవి రహస్యం. నేడు బ్యాంకు లావాదేవీలకు, ఫోను సందేశాలకు పునాది ఈ భావమే.

రెండు మార్గాలు

ఇంటి సర్వరును కాపాడుకొనుటకు ప్రధానంగా రెండు మార్గాలు కలవు.

మొదటి దానిలో ద్వారం బహిరంగంగానే ఉండును, కాని దాని ముందొక కావలివాడు నిలుచును. ఈ కావలి సాఫ్ట్‌వేర్ వచ్చిన ప్రతివారితోను గూఢ భాషలోనే మాట్లాడి, వారి కోరికను లోపలి సర్వరుకు అందజేయును. వెబ్ చిరునామాలకు ముందు మనము చూచు హెచ్.టి.టి.పి.ఎస్. అను గుర్తుకు అర్థం ఇదే. తానే ఫలానా ఇంటి సర్వరునని నిరూపించుకొనుటకు ఒక ధ్రువపత్రం అవసరం. 2015 నుండి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను లాభాపేక్షలేని సంస్థ వీటిని ఉచితంగా ఇచ్చుచున్నది. ఈ మార్గంలో శ్రోత ఫోనులో ప్రత్యేకమైన ఏర్పాటు ఏదియు అక్కరలేదు. అది దీని సౌకర్యం. కాని దారిలో పోవు మాటను ఇది కాపాడునే గాని, తలుపు తట్టువారిని ఆపదు. ఇట్టి ధ్రువపత్రం పొందిన ప్రతి పేరును బహిరంగ పట్టికలలో నమోదగును. అందుచేత ఎవరికిని తెలియని పేరు పెట్టుకొంటిమి గదా యని నిశ్చింతగా నుండుట పొరపాటు. లోపలి సాఫ్ట్‌వేర్‌లో లోపమున్నచో కావలివాడు దానిని ఎల్లప్పుడు పసిగట్టలేడు.

రెండవ మార్గం రహస్య సొరంగం. సర్వరు ద్వారం లోకానికి అసలే కనబడదు. మనవారి ఫోనుకు, మన ఇంటికి నడుమ గూఢమైన బాట ఒకటి ఏర్పడి, ఆ బాట వెంట వచ్చిన వారికే సర్వరు కనబడును. దీనికై మేము వైర్‌గార్డ్ అను సాధనాన్ని ఎన్నుకొంటిమి. జేసన్ డోనెన్‌ఫెల్డ్ రూపొందించిన ఈ సాధనం 2020 మార్చిలో లైనక్స్ 5.6లో భాగమైనది. దీని మూల రచన సుమారు నాలుగు వేల పంక్తులు మాత్రమే. చిన్నది కావున నిపుణులు పూర్తిగా చదివి పరీక్షించుటకు వీలగుచున్నది. దీని మరొక గుణం మౌనం. గుర్తెరిగిన తాళంచెవి లేనివారు ఎన్ని మార్లు తట్టినను ఇది జవాబు చెప్పదు. తట్టిన వానికి లోపల ఇల్లు ఉన్నదో, ఖాళీ స్థలమో కూడ తెలియదు.

ఏర్పాటు చేసిన తీరు చెప్పెదము. ఆపా ఫోనులోనే ఆమె తాళంచెవి పుట్టినది. అది ఆ ఫోనును విడిచి రాలేదు. ఆమె మాకు పంపినది తాళం కప్ప వంటి బహిరంగ భాగం మాత్రమే. అది 44 అక్షరాల వరుస. మధ్యలో ఎవరును మార్చలేదని నిర్ధారించుకొనుటకు చివరి ఎనిమిది అక్షరాలను ఆమె ఫోనులో చదువగా మేము సరిచూచుకొంటిమి. అట్లే మా బహిరంగ భాగాన్ని ఆమె సరిచూచుకొన్నది. ఆమెకు ఇచ్చిన బాట సర్వరు వద్దకు మాత్రమే పోవును. ఇంటిలోని తక్కిన కంప్యూటర్లకు పోదు. ఆమె ఫోను పోయినచో మా వద్దనున్న ఆ ఒక్క పంక్తిని కొట్టివేసిన చాలును, బాట మూతపడును. పాత ద్వారాన్ని శాశ్వతంగా మూసివేసితిమి. మరునాడు జెల్లీఫిన్ చిట్టాలో ఆపా పేరు తప్ప మరొక పేరు లేదు.

బహిరంగ చిరునామా లేనివారు టెయిల్‌స్కేల్ వంటి ఏర్పాటును పరిశీలింపవచ్చును. వైర్‌గార్డ్‌పైననే ఆధారపడిన ఈ ఏర్పాటు, ఉభయ పక్షాల నడుమ బాట కలుపుటకు తానే సహాయపడును. అయితే ఎవరెవరు మనవారో నిర్ణయించు పట్టిక ఆ సంస్థ వద్ద ఉండునని గుర్తుంచుకొనవలెను.

మా అభిప్రాయంలో కుటుంబం వంటి చిన్న సమూహానికి రెండవ మార్గమే శ్రేయస్కరం. శ్రోతలు వందలుగా నున్నప్పుడు, ప్రతివారి ఫోనులోను తాళంచెవి అమర్చుట సాధ్యం కానప్పుడు మాత్రమే మొదటి మార్గాన్ని, అదియు నిత్య పర్యవేక్షణతో, అవలంబింపవచ్చును.

ఇంటి లోపలి క్రమశిక్షణ

తాళం ఎంత గట్టిదైనను ఇంటివారి అలవాట్లు సడలినచో ప్రయోజనం లేదు. మేము పాటించుచున్న నియమాలు ఇవి. ఒక్కొక్కరికి వేరు వేరు పేరు, పొడవైన పాస్‌వర్డు ఇచ్చితిమి. పెత్తనపు ఖాతాను వినుటకు వాడము. జెల్లీఫిన్‌కు ఫైళ్ళను చదువు అధికారమే గాని చెరుపు అధికారం ఇవ్వలేదు. రౌటరులో, పరికరాలు తమంతట తాము ద్వారాలు తెరచుకొను సౌకర్యాన్ని ఆపివేసితిమి. ప్రతి ఆదివారం కొత్త సవరణలను వేసి, చిట్టాను ఒకమారు చదువుచున్నాము. లాస్ట్‌పాస్ ఉదంతం చదివిన పిమ్మట ఈ ఆదివారపు పని ఏనాడును తప్పలేదు.

వీటన్నిటి కంటె ముఖ్యమైనది ప్రతులను నిలుపుకొనుట. దొంగ వలన పోవు ఫైళ్ళున్నట్లే, డిస్కు చెడి పోవునవి, పొరపాటున చెరిపి పోగొట్టుకొనునవి కూడ ఉన్నవి. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలపై, వానిలో ఒకటి వేరొక ఇంటిలో అనునది నిపుణులు చెప్పు సూత్రం. మా మూడవ ప్రతి ఫూఫీ గారి ఇంటి బీరువాలో ఉన్నది. అది ఏ తీగకును కలుపబడలేదు కావున ఏ దొంగయు దానిని తాకలేడు.

చట్టం, మర్యాద

మనము ప్రసారం చేయు వస్తువు మనదై యుండవలెను. చలనచిత్రాలకు, వాణిజ్య సంగీతానికి 1957 నాటి కాపీరైటు చట్టం వర్తించును. గూఢమైన బాట వేసినంత మాత్రాన పరుల వస్తువు మనది కాదు.

శ్రోత నివసించు దేశపు చట్టాన్ని కూడ తెలిసికొనవలెను. షార్జా ఉన్న యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో, నేరం చేయుటకు గాని, దానిని కప్పిపుచ్చుటకు గాని నెట్‌వర్కు చిరునామాను మరుగుపరచిన వారికి 2021 నాటి చట్టం ప్రకారం కారాగార శిక్ష గాని, 5 లక్షల నుండి 20 లక్షల దిర్హముల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. కుటుంబంలోని మాటలు వినుట నేరం కాదు. అయినను మా దుల్హాభాయి గారు ఆ చట్టాన్ని చదివి, అక్కడి న్యాయవాదిని ఒకరిని విచారించిన పిమ్మటనే ఏర్పాటుకు అంగీకరించిరి. వారి జాగ్రత్త మెచ్చదగినది.

చట్టం కాక మర్యాద యొకటి కలదు. మేనత్తగారి పెళ్ళి మాటలున్న క్యాసెట్టును ఎవరు వినవలెనో ఆమెనే అడిగితిమి. ఆమె కొంతసేపు ఆలోచించి, "పిల్లలకు పద్యాలు వినిపించండి, అది మాత్రం నా తమ్మునికి, నాకు ఉండనివ్వండి" అనిరి. ఆ ఫైలు నేడు సర్వరులో లేదు. భద్రత యనగా పరులను బయట ఉంచుట మాత్రమే కాదని, లోపలివారిలో కూడ ఎవరికి ఏది తగునో ఎరుగుట యని ఆ నాడు మాకు బోధపడినది.

మన కళాశాలకు ఒక విన్నపం

ఈ సందర్భంలో కళాశాల పాలక సంఘం వారికి ఒక విన్నపం చేయ సాహసించుచున్నాము. మన గ్రంథాలయంలో గత సంవత్సరాల ముషాయిరాలు, కవి సమ్మేళనాలు, పదవీ విరమణ చేసిన అధ్యాపకుల ఉపన్యాసాలు గల క్యాసెట్లు ఒక బీరువాలో ఉన్నవి. వానిని వినిపించు యంత్రం చెడిపోయి చాలకాలమైనది. అయస్కాంత టేపు తేమకు, వేడికి క్రమంగా క్షీణించును. నేడు వినబడు గొంతు పదేండ్ల తరువాత వినబడునన్న హామీ లేదు.

రెండు వందల క్యాసెట్లు ఉన్నవని అనుకొందము. ఏమాత్రం నాణ్యత తగ్గించని మూల ప్రతులకు సుమారు 190 గిగాబైట్లు, వినుటకు వాడు తేలిక ప్రతులకు సుమారు 17 గిగాబైట్లు చాలును. ఒక సాధారణ డిస్కులో ఇవి రెండును ఇమిడిపోవును. కష్టమంతయు ఎక్కించుటలో ఉన్నది. తొంబది నిమిషాల క్యాసెట్టుకు తొంబది నిమిషాలు పట్టును. రెండు వందలకు మూడు వందల గంటలు. ముప్పది మంది విద్యార్థులు తలకు పది గంటలు కేటాయించినచో ఒక సెలవుల కాలంలో పూర్తియగును. ఉర్దూ విద్యార్థులు ఉర్దూ క్యాసెట్లకు, తెలుగు విద్యార్థులు తెలుగు వానికి పట్టికలు వ్రాయవచ్చును. రెండు భాషలెరిగిన వారు మన కళాశాలలో కొదువ లేరు.

అయితే తొందరపడి వానిని లోకానికి తెరచి పెట్టరాదు. తొలుత కళాశాల ఆవరణలోని యంత్రాలకు మాత్రమే వినిపించవలెను. పిమ్మట కవుల, అధ్యాపకుల, వారి కుటుంబాల అనుమతి పొందిన వానిని పూర్వ విద్యార్థులకు తాళంచెవి పద్ధతిపై అందించవచ్చును. ఇరువురు బాధ్యులైన విద్యార్థులను, ఒక అధ్యాపకుని పర్యవేక్షణకు నియమించి, చిట్టా చదువుటను వారి వారపు విధిగా చేయవలెను. యంత్రం కొనుట ఒకనాటి పని. దానిని కనిపెట్టి యుండుట ప్రతి వారం చేయవలసిన పని. ఈ రెండవ దానికి మనుషులు సిద్ధంగా లేనిచో మొదటి దానికి పూనుకొనకుండుటయే మేలు.

ముగింపు

దాదాజాన్ గారు క్యాసెట్టును గుడ్డలో చుట్టి, పైన పేరు వ్రాసి, తీసికొని పోవువారి ముఖం చూచి చేతికిచ్చెడివారు. వారికి గూఢలిపి శాస్త్రం తెలియదు. కాని మాటను ఎవరికి ఉద్దేశించితిమో వారికే చేర్చవలెనన్న ధర్మం తెలియును. నేటి తాళం కప్పలు, సొరంగాలు, ధ్రువపత్రాలు అన్నియు ఆ ధర్మానికి సాధనాలు. విద్యార్థి మిత్రులు తమ ఇండ్ల అటకల మీద ఏ గొంతులు నిద్రించుచున్నవో వెదకవలెను. వానిని లేపవలెను. దూరాన ఉన్న మనవారికి వినిపించవలెను. తలుపు తెరచుటకు ముందు మాత్రం తాళం సరిచూచుకొనవలెను.

ప్రతి శుక్రవారం రాత్రి ఆపా పిల్లలు ముత్తాతగారి గొంతులో ఒక వేమన పద్యం, ఒక గజలు వినుచున్నారు. చిన్నవాడు ఇప్పటికే రెండు పద్యాలు కంఠస్థం చేసినాడు. వాని ఉచ్చారణలో దాదాజాన్ యాస వినబడుచున్నదని మా నాన్నగారు చెప్పుచున్నారు.